టోపీల లెక్క

కిందటి వారం మనం బాపట్లలో, వడ్డించిన కంచాల ముందు ఆగిపోయాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. తెనాలిలో ఒక ప్రైవేటు హైస్కూలు. అందులో సోషల్ చెప్పే నాగజ్యోతి, ‘ఏటి నుంచి సముద్రం దాకా’ అని పేరు పెట్టి, పదో తరగతిలోకి వెళ్ళబోతున్న ముప్ఫై ఒక్కమంది పిల్లల్ని పదిరోజుల వేసవి విజ్ఞానయాత్రకి బయల్దేరదీసింది. కాలవలు, కొల్లూరు దగ్గరి లంకలు, పెనుమూడి వారధి, రేపల్లె, ఆఖర్న బాపట్ల సముద్రం. నాలుగోరోజు పిల్లలంతా కృష్ణ మధ్యలో ఉన్న లంకలో అరటితోటలు చూసి, అక్కడే పడుకుని, ఐదోరోజు పొద్దున్నే పడవెక్కి ఒడ్డుకొచ్చారు. బస్సులో మధ్యాహ్నానికి బాపట్ల చేరి, రైతు శిక్షణ భవనంలో భోజనాలకి కూర్చున్నారు. అప్పుడు, పదిహేడో నంబరు టోపీ పెట్టుకున్న అమ్మాయి అన్నం తినడానికని మొహానికి కట్టుకున్న చున్నీ విప్పింది. ఆ అమ్మాయి లిఖిత కాదు.

నాగజ్యోతి చేతిలో సాంబారు గరిటె అలాగే ఉండిపోయింది. సాంబారు కారి చీర కుచ్చిళ్ళ మీద పడుతున్నా ఆమెకి తెలియలేదు. ఎదురుగా ఉన్న పిల్ల వేసుకున్నది లిఖిత చుడీదారే. పెట్టుకున్నది లిఖిత టోపీయే. మొహం మాత్రం వేరు. ఎండకి కమిలిన చెంపలు, ఎడమ కనుబొమ మీద పాత గాటు, బెదిరిపోయిన కళ్ళు. నిన్న లంకలో అరటిపిలకలు ఎలా నాటాలో పిల్లలకి చూపించిన అమ్మాయి. పేరు కుమారి.

“లిఖిత ఏది?” అంది నాగజ్యోతి.

కుమారి తల వంచుకుంది.

ఇక్కడ టోపీల సంగతి కొంచెం చెప్పుకోవాలి. హాజరు పిలిస్తే ఒకరి బదులు ఒకరు పలకడం మన బడుల్లో తరతరాలుగా వస్తున్న విద్య. నాగజ్యోతి కూడా చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్ళ కోసం రెండేసి గొంతులతో పలికిన మనిషే. అందుకే ఈ యాత్రలో పేర్లు పిలవడం మానేసి, పసుపుపచ్చ టోపీలు కుట్టించి, ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా నంబర్లు వేయించింది. బస్సెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వరసగా నిలబెట్టి నంబర్లు చూసుకుంటూ పోవడమే. “పిల్లలు అబద్ధం ఆడతారు గానీ టోపీలు ఆడవు సార్” అని కరస్పాండెంటు పూర్ణచంద్రరావు గారి ముందు గొప్పగా చెప్పింది. ఆయన మెచ్చుకున్నారు. ఆయన మెచ్చుకున్న ఏ పనిలోనైనా ఎక్కడో ఒక బొక్క ఉండి తీరుతుందని ఆమెకి అప్పుడు తట్టలేదు.

పొద్దున్న పడవ దగ్గర ముప్ఫై ఒక్క టోపీలూ లెక్కకి వచ్చాయి. పొద్దున్నే మొదలైన మే నెల ఎండ, కింద ఇసుక గాలి. ఆడపిల్లలంతా స్కూటీల మీద వెళ్ళేటప్పుడు కట్టుకున్నట్టే కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చున్నీలు చుట్టుకున్నారు. టోపీ కింద ఎవరి మొహం ఉందో ఆమె చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. రేపల్లెలో టిఫిన్ దగ్గర పదిహేడో నంబరు కడుపు నొప్పని బస్సు దిగకపోతే, పాపం అనుకుని ఇడ్లీ పొట్లం పంపించింది.

“పొద్దున ఆరింటికి పడవెక్కాం” అని లోపల్లోపల లెక్కేసుకుంది. గోడగడియారంలో పన్నెండు ముప్ఫై ఐదు. ఆరున్నర గంటలు. ఒక పద్నాలుగేళ్ళ పిల్లని ఏటి మధ్యలో వదిలేసి, తను రేపల్లెలో రెండు కాఫీలు తాగింది. 

డ్రిల్లు మాస్టారు తోమాసు అవతలి వరసలో అప్పడాలు వడ్డిస్తున్నాడు. ఆమె మొహం చూసి అప్పడాల బుట్ట బల్ల మీద పెట్టేసి వచ్చాడు. ఆమె సంగతి చెవిలో చెప్పింది. అయినా గొంతు మాత్రం మైదానంలో వినపడే గొంతే. “ఎవరూ లేవొద్దు. అందరూ తినండి. మజ్జిగ వస్తోంది” అని పిల్లల వైపు తిరిగి చెప్పి, ఆమెతో మెల్లగా, “మీరు ఆ అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళండి మేడమ్. హెప్సిబాని కూడా. బస్సులో లిఖిత పక్కసీటు దానిదే” అన్నాడు.

బియ్యం బస్తాలు పెట్టే గదిలోకి ముగ్గురూ వెళ్ళారు. నాగజ్యోతి తలుపు వేసింది. హెప్సిబా అప్పటికే వెక్కుతోంది. కుమారి బస్తాకి ఆనుకుని నిలబడి, టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుంది.

“మేడమ్, కుమారిని ఏం అనకండి మేడమ్. లిఖితే అడిగింది” అంది హెప్సిబా.

“ఏమని అడిగింది?”

“ఒక్కరోజు నువ్వు నేనై వెళ్ళు, నేను నువ్వై ఉంటాను అని. రేపు కుమారి వాళ్ళ మావయ్య అరటిగెలల ఆటో ఏసుకుని బాపట్ల వస్తాడంట. దాంట్లో లిఖిత వచ్చేసిద్ది, కుమారి వెళ్ళిపోయిద్ది. ఎవరికీ తెలవదు అంది.”

“ఎందుకు? అసలెందుకు?”

హెప్సిబా ముక్కు తుడుచుకుంది. చెప్పనా వద్దా అన్నట్టు చూసి, “మీరే అన్నారు కదా మేడమ్, డైరీలు చూసేటప్పుడు. ఒడ్డున నిలబడి రాస్తే వ్యాసం అవుతుంది గానీ అనుభవం అవదు, ఒక్కరోజు వాళ్ళలాగా బతికి చూస్తే అప్పుడు తెలుస్తుంది అని. లిఖిత ఆ మాట డైరీలో రాసుకుంది” అంది.

నాగజ్యోతి బస్తా మీద కూలబడింది. అన్న మాట నిజం. మొన్న రాత్రి కొల్లూరులో, ముప్ఫై ఒక్కమంది నోళ్ళు తెరుచుకుని వింటుంటే, చాలా అందంగా అంది. అన్నాక తనకే ముచ్చటేసింది. మాట పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. ఇది పృథ్వి దాకా పోలేదు, ఒక పిల్ల గుండెలో దిగబడింది.

అయినా ఆ మాటల్లోనే ఆమెకి చిన్న ఊరట కూడా దొరికింది. అంటే లిఖిత ఎక్కడికో పారిపోలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. లంకలో, కుమారి వాళ్ళింట్లో ఉంది. “మీ మావయ్య నంబరు చెప్పు” అంది కుమారితో.

కుమారి మొదటిసారి నోరు విప్పి పది అంకెలూ గడగడా చెప్పింది. చెప్పాక, “మావయ్యకి ఇంకా తెలవదు మేడమ్. సాయంత్రం మా అమ్మమ్మ చేత చెప్పిద్దామనుకున్నాం” అంది.

ఫోను నాలుగుసార్లు మోగాక వెంకట్ ఎత్తాడు. కొల్లూరులో గెలలు దింపుతున్నాడు. విషయం విని, “మా కుమారి బాపట్లలో ఉందా?” అని రెండుసార్లు అడిగాడు. తరవాత, “పొద్దున్నే తోటకి పోయిందనుకున్నానండి నేను. మీరు ఉండండి టీచరమ్మగారు, మా అమ్మ లక్ష్మమ్మ ఇంటికాడే ఉంది. పక్కింటోళ్ళ ఫోనుకి చేసి కనుక్కుని చెప్తా” అని పెట్టేశాడు.

ఆరు నిమిషాలు. హాల్లోంచి గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం, తోమాసు ఎవర్నో కసరడం వినపడుతున్నాయి. నాగజ్యోతి ఫోను తెర కేసి చూస్తూ కూర్చుంది. లిఖిత కొంచెం నత్తిగా మాట్లాడుతుంది, అందుకని తరగతిలో చెయ్యెత్తదు, కాయితం మీద మాత్రం అందరికన్నా ఎక్కువ రాస్తుంది. మొన్న బస్సులో వెనక నుంచి వచ్చి ఆమె చేతిలో ఒక కాయితం పెట్టి వెళ్ళిపోయింది. అందులో “ఏటికి రెండు ఒడ్లు అన్నారు, లంకకి ఎన్ని?” అని ఒక్క ప్రశ్న. జవాబు తరవాత చెబుదామనుకుంది నాగజ్యోతి. ఇంకా చెప్పలేదు.

ఫోను మోగింది.

“టీచరమ్మగారు, పిల్ల ఇంటికాడ లేదండి” అన్నాడు వెంకట్.

“లేదంటే? తోటలో ఉందేమో చూడమనండి.”

“తోటలో కూడా లేదండి. మీ పడవ కనుమరుగు కాగానే ఏడుపు మొదలెట్టిందంట. మా అమ్మ గంజి పోసినా తాగలేదంట. ఎనిమిదింటికి, మా మేడమ్ ఒడ్డున ఉంటారు, నేను వెళ్ళిపోతా అని బయల్దేరిందంట. మా అమ్మకి చూపు ఆనదండి, పడవ రేవు కాడికి పోయింది గావాల అనుకుంది. పడవాణ్ణి అడిగా. పొద్దుటి నుంచి అలాంటి పిల్ల ఎవరూ పడవెక్కలేదన్నాడు.”

 పడవ దిగి, సామాన్లన్నీ ఎక్కించుకుని, ఎనిమిదింటికి కొల్లూరు ఒడ్డున బస్సు స్టార్టయింది. తను పిల్లలకి సీట్లు సర్దుతోంది. అదే నిమిషానికి లిఖిత వీళ్ళని అందుకోవాలని బయల్దేరింది. నాలుగున్నర గంటలు. పడవెక్కలేదు, ఇంట్లో లేదు, తోటలో లేదు.

“వెతకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. నేనూ వస్తున్నాను” అంది. 

కరస్పాండెంటుకి చెప్పక తప్పదు. పూర్ణచంద్రరావు గారు భోంచేసి కునుకు తీసే వేళ. అయినా రెండో మోతకే ఎత్తారు. ఆమె చెబుతుంటే మధ్యలో ఒక్కమాట కూడా అడ్డం రాలేదు. ఆ మౌనం చూసి, పెద్దమనిషి కదా, ఏదో దారి చూపిస్తారని ఆమె ఆశపడింది. దారి చూపించారు కూడా.

“జ్యోతమ్మా, ముందు నువ్వు కంగారు పడకు. పోలీసుల దాకా వెళ్ళొద్దు. సాయంత్రం దాకా చూద్దాం. పిల్లలన్నాక ఎక్కడికి పోతారు, ఏ చెట్టుకిందో పడుకునుంటుంది. ఇవాళ తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే రోజు కదా, ఆ పిల్ల తాలూకు వాళ్ళొస్తే లంకలో జ్వరం వచ్చి పడుకుంది, రేపు వస్తుందని చెప్పు.”

“సార్, ఏట్లో ఇసుక గుంటలున్నాయి సార్.”

“నేను చెప్పేది విను. అడ్మిషన్ల సీజను. ఈ ముక్క బయటికి పొక్కితే నీ ఉద్యోగం సంగతి తరవాత, బడి నిలబడదు. ఇంకో మాట. ఆ లంక పిల్ల ఉంది చూడు, దాని చేత ఒక కాయితం రాయించు. టోపీ, బట్టలు తనే దొంగిలించి బస్సెక్కాను అని. సంతకం పెట్టించు. తోమాసుని సాక్షిగా పెట్టు. అప్పుడు నీ మీదికి రాదు.”

గది చిన్నది, ఆయన గొంతు పెద్దది. ప్రతి మాటా కుమారికి వినపడుతోంది.

ఇక్కడ నాగజ్యోతిని దేవతని చెయ్యడం నాకిష్టం లేదు. నీ మీదికి రాదు అన్న మాట చెవిన పడగానే ఆమె ఒళ్ళు ఒక్క క్షణం తేలికైంది. కాయితం బ్యాగులోనే ఉంది, పెన్నూ ఉంది. ఎదురుగా ఉన్నది కూలి చేసుకునేవాళ్ళ పిల్ల, చదువు ఎనిమిదితో ఆగిపోయింది, ఏం రాయమంటే అది రాస్తుంది. చెయ్యి బ్యాగు దాకా వెళ్ళింది కూడా. అప్పుడు కుమారి, ఎవరూ అడగకుండానే, చేతిలోని టోపీని బస్తా మీద పెట్టి దూరంగా జరిగింది. దొంగసొత్తుని తాకకూడదన్నట్టు. అది చూసి నాగజ్యోతికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“టోపీ ఎవరూ దొంగిలించలేదు సార్. నేను లెక్క తప్పాను. నేను చెప్పిన మాట విని ఆ పిల్ల ఆగిపోయింది. నేనిప్పుడు పోలీసులకి ఫోన్ చేస్తున్నాను” అని, ఆయన ఇంకా ఏదో అంటుండగానే పెట్టేసింది.  ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన మాట్లాడుతుండగా ఫోను పెట్టెయ్యడం అదే మొదలు.

అప్పుడే కుమారి అంది. “మేడమ్. పడవెక్కలేదంటే నడిచిపోయిందా?”

“ఎక్కడికి నడుస్తుంది? చుట్టూ ఏరే కదా.”

“ఎండాకాలం అవతలి పాయ ఎండిపోయిద్ది మేడమ్. ఇసకలో పడి నడిచి కొల్లూరు గట్టెక్కొచ్చు. గెడలు పాతి గుడ్డపేలికలు కట్టి ఉంటయ్యి. వాటి ఎంబడి పోతే చాలు. నేనే చెప్పా లిఖితకి. భయమేస్తే పడవ కోసం చూడమాక, పేలికలు చూసుకుంటా వెళ్ళిపో అని.”

నాగజ్యోతి ప్రాణం లేచొచ్చింది. “దారి ఉందా? మరి ఇందాకే చెప్పవేం? అయితే ఒడ్డుకి చేరే ఉంటుంది కదా?”

కుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాటలు ఊడిపడ్డాయి.

“ఆ దారి ఇప్పుడు లేదు మేడమ్. పది రోజుల కింద ఇసక కోసం మిషన్లు దిగి తవ్వేశారు. పేలికల పక్కనే గుంటలు. నీళ్ళూరినయ్యి. పైకి ఇసకలాగే ఉంటది, అంచు మీద కాలేస్తే జారిపోయిద్ది. మా వాళ్ళు దిగువకి కొత్త దారి ఏసుకున్నారు. పాత పేలికలు ఎవరూ పీకలేదు. నేను చిన్నప్పట్నించీ నడిచిన దారే నోటికొచ్చింది మేడమ్. పాతదే చెప్పేశా.”

హెప్సిబా ఏడుపు ఆగిపోయింది. 

“నీకెప్పుడు గుర్తొచ్చింది ఇది?” అంది నాగజ్యోతి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

“పెనుమూడి వారధి మీద బస్సాపి ఏరు చూపించారు గదా. కింద ఇసక లారీలు కనపడ్డయ్యి. అప్పుడు.”

“తొమ్మిదిన్నరకి.”

“ఆఁ.”

“మూడు గంటలు. మూడు గంటలు నా ముందు సీట్లో కూర్చుని నోరు మూసుకున్నావు.”

ఆమె చెయ్యి లేచింది. ఎనిమిదేళ్ళుగా ఏ బిడ్డ మీదా లేవని చెయ్యి. కుమారి తప్పుకోలేదు, కళ్ళు గట్టిగా మూసుకుని మొహం ముందుకి పెట్టింది, దెబ్బలు తినడం అలవాటైన పిల్లలు పెట్టినట్టు.

“లిఖిత వెళ్ళదులే అనుకున్నా మేడమ్. చెబితే పోలీసులకి పట్టిస్తారనుకున్నా.” మూసిన కళ్ళతోనే అంది. తరవాత, అడగని మాట కూడా చెప్పేసింది. “సముద్రం చూశాక చెబుదామనుకున్నా. మా ఏరు పోయేది అక్కడికేనంట గదా. ఎప్పుడూ చూడలా.”

లేచిన చెయ్యి ఎటు పోవాలో తెలియక కాసేపు గాలిలోనే ఉంది. తరవాత కుమారి భుజం మీద పడింది, దెబ్బగా కాదు, ఆసరా కోసం. నాగజ్యోతికి ఆ పిల్ల మీద కోపం చచ్చేంత ఉంది. జాలి అంతకంటే ఎక్కువుంది. రెంటినీ పక్కన పెట్టి ఆమె మళ్ళీ వెంకట్‌కి ఫోను చేసింది.

“పాత దారి. మీ కుమారి ఆ పిల్లకి పాత పేలికల దారి చెప్పిందట.”

అవతలి నుంచి గెలల లారీ హారను, ఎవరో అరవడం మాత్రం వినపడ్డాయి.  

“పోతున్నానండి” అన్నాడు చివరికి. “పది మందిని ఏసుకుని పోతున్నా. గెడలు కూడా తీసుకెళ్తున్నాం.”

గెడలు ఎందుకని ఆమె అడగలేదు. నీళ్ళలో వెతకడానికి గెడలు కావాలని లంకలో ఒక రాత్రి పడుకున్న మనిషికి కూడా తెలుస్తుంది.

ఆ తరవాత పది నిమిషాలూ ఎలా గడిచాయో ఆమెకి సరిగా గుర్తుండదు. నూట పన్నెండుకి ఫోను చేసి, అడిగిన వివరాలన్నీ చెప్పింది: వయసు పద్నాలుగు, ఎత్తు ఐదడుగులు, కుమారి ఇచ్చిన నీలం రంగు లంగా, ఎర్ర జాకెట్టు. తోమాసు ఆ భవనం వార్డెనుని బతిమాలి కారు మాట్లాడాడు. లిఖితకి ఏ దారి చెప్పిందో తనే చూపించగలదు కాబట్టి కుమారినీ తీసుకువెళ్ళాలనుకున్నారు. మిగిలిన ముప్ఫైమందినీ వరండాలో కూర్చోబెట్టి తోమాసు పేర్లు పిలిచాడు. ఈసారి ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, అయినా ఏ ఆకూ పట్టుకోకపోవడం కన్నా నయమే.

“నేను వెళ్తాను మాస్టారు. మీరు పిల్లల దగ్గర ఉండండి” అంది నాగజ్యోతి.

“మీరు ఈ స్థితిలో అంత దూరం...” అని తోమాసు ఆగిపోయాడు. అతను చూస్తున్నది ఆమెని కాదు, ఆమె వెనక గేటుని.

గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ఝాన్సీలక్ష్మి దిగుతోంది. లిఖిత తల్లి. నందివెలుగు పంచాయతీ ఆఫీసులో గుమస్తా. యాత్రకి పంపను గాక పంపనని మొండికేసి, మూడుసార్లు కూతురు ఏడ్చాక, చివరికి నాగజ్యోతే ఆవిడ ఇంటికెళ్ళి “నాదీ పూచీ” అంటే సంతకం పెట్టిన మనిషి. తెనాలిలో రైలెక్కి, ఒక చేత్తో స్టీలు క్యారియరు, ఇంకో చేత్తో మామిడిపళ్ళ సంచి పట్టుకుని వచ్చింది. ఆటోవాడికి చిల్లర ఇచ్చి, వరండాలో పసుపుపచ్చ టోపీల వైపు చూస్తూ, ఎండకి కళ్ళు చిట్లించి నవ్వుతూ నడిచొస్తోంది.

జ్వరం వచ్చి పడుకుంది, రేపు వస్తుంది. ఆ మాట నాగజ్యోతి నాలుక చివర తయారుగా ఉంది. చెప్పేస్తే ఈవిడ నవ్వు ఇంకో గంట ఉంటుంది. ఆ గంటలో పిల్ల దొరకొచ్చు. దొరికితే ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరి మంచికో చెప్పే అబద్ధం లాగే ఉంది అది, చూడ్డానికి. కానీ ఆ గంటలో దొరక్కపోతే? తల్లి ఇక్కడ కూర్చుని జ్వరం తగ్గాలని మొక్కుకుంటుంటే, అక్కడ గెడలతో వెతుకుతుంటే?

ఆమె ఎదురెళ్ళింది. గేటుకీ వరండాకీ మధ్య, ఎండలో, ఆవిడ చేతిలోంచి క్యారియరు అందుకుంది. అందుకుంటేనే గానీ చెప్పలేననిపించింది.

“ఏంటండి అలా ఉన్నారు? ఎండ దెబ్బ తగిలిందా?” అంది ఝాన్సీలక్ష్మి. “మా పిల్ల ఏదండి? పులిహోర తెచ్చా, వేడి తగ్గకుండా పెడదామని.”

“లిఖిత ఇక్కడ లేదండి.”

“లేదంటే? బీచికెళ్ళారా?”

“పొద్దున్న లంకలో ఉండిపోయింది. నేను చూసుకోలేదు. ఎనిమిదింటికి ఒక్కతే ఇసుకలో నడిచి బయల్దేరింది. ఆ దారిలో గుంటలున్నాయి. ఇప్పటిదాకా కనపడలేదు. పోలీసులకి చెప్పాను, లంకవాళ్ళు వెతుకుతున్నారు. నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను. తప్పు నాది.”

ఒక్క మాట మింగకుండా అంతా చెప్పింది. క్యారియరు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఝాన్సీలక్ష్మి అరుస్తుందని, కొడుతుందని, కూలబడిపోతుందని ఎదురుచూసింది. ఆవిడ అవేమీ చెయ్యలేదు. మామిడిపళ్ళ సంచి మెల్లగా నేల మీద పెట్టింది. పక్కకి ఒరిగిపోతుంటే సరిగ్గా నిలబెట్టింది. తరవాత తలెత్తింది.

“లెక్కపెట్టుకోలేదా అండి?”

“టోపీలు లెక్కపెట్టాను.”

“టోపీలు” అంది ఆవిడ.  వరండాలో వరసగా ఉన్న పిల్లల వైపు చూసింది. “మీకు ముప్ఫై ఒక్కమందండి. నాకు ఒక్కతే.”

 తోమాసు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కుమారి అప్పటికే వెనకసీట్లో ఒక మూలకి ముడుచుకుని కూర్చుంది. ఝాన్సీలక్ష్మి ఆ పిల్ల వంటి మీద తన కూతురి చుడీదారు చూసింది, యాత్రకి పంపేటప్పుడు తను ఇస్త్రీ చేసి పెట్టిన మడతలు ఇంకా ఉన్నాయి దాని మీద.  ఎక్కి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

నాగజ్యోతి ముందుసీటు ఎక్కబోతుండగా చేతిలో ఫోను మోగింది. తెర మీద కుమారి చెప్పిన పది అంకెలు.  మోగుతోంది, ఎత్తలేకపోతోంది. ఎత్తితే తెలిసిపోతుంది. ఎత్తనంతసేపూ లిఖిత ఎక్కడో నడుస్తూనే ఉంటుంది. రెండోసారి మోగింది, మూడోసారి మోగింది.

వెనకసీటు లోంచి ఝాన్సీలక్ష్మి చెయ్యి చాచి, ఆమె వేళ్ళ మధ్య నుంచి ఫోను లాక్కుని చెవిన పెట్టుకుంది.

“టీచరమ్మగారు, నేను వెంకట్‌నండి.” అతను పరిగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు. చుట్టూ మగవాళ్ళ గొంతులు, ఎవరో “ఇటు, ఇటు” అని కేకెయ్యడం ముందుసీటు దాకా వినపడుతున్నాయి. “ఒక్క మాట ముందుగా చెప్తున్నానండి. ఆ పిల్ల వాళ్ళమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పమాకండి.”

ఝాన్సీలక్ష్మి కళ్ళు ఎదురుగా ఉన్న నాగజ్యోతి మొహం మీదే ఉన్నాయి. ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

“చెప్పను” అంది. “నువ్వు చెప్పు.”